సోడా వేశాక

నవంబరు గాలి ఫండీ అఖాతం మీంచి
ఉప్పు మూటగట్టుకొచ్చిన సాయంత్రం
వెర్నా జ్విక్కర్ తన వంటింట్లో
నాలుగు గ్రావెన్‌స్టీన్ ఆపిల్ పళ్ళకు తొక్క తీస్తోంది.
సెప్టెంబరులో ఏరి, పాత పేపర్లలో చుట్టి
నేలమాళిగలో దాచినవి.
మెత్తబడ్డ చోటల్లా కత్తి మొనతో తవ్వి పారేసింది.

పళ్ళు ఆమెవి కావు.
కావనీ అనలేం.
చెట్టు మొదలు కంచెకి అవతల,
కొమ్మ ఇవతల.
ఏ గడ్డి మీద రాలితే ఆ గడ్డిదే పండని ఆమె,
వేరు ఎక్కడుంటే పండూ అక్కడిదేనని ఎల్డన్ రాఫ్యూస్,
పదకొండేళ్ళుగా
టపా పెట్టెల దగ్గర ఎదురుపడినా
ఎడమొహం, పెడమొహం.

తురమదు ఆమె. తురిమితే నీళ్ళు.
ముక్కలే కోస్తుంది, చిన్నా పెద్దా, పంటికి తగిలేలా.
పంచదారలో దాల్చినచెక్క పొడి కలిపి వాటి మీద చల్లి,
గిన్నెలో మైదా, వెన్న, రెండు గుడ్లు,
చిటికెడు ఉప్పు,
చివర్న సోడా, చిక్కటి మజ్జిగ.
తెడ్డు ఇరవైసార్లు తిప్పి ఆపేసింది.
అంతకు మించి కలిపితే
రొట్టె మొండికేస్తుంది.

ఈస్టు పిండికి ఓపిక ఎక్కువ.
గుడ్డ కప్పి మర్చిపోయినా
నిద్రపోయి తీరిగ్గా లేస్తుంది.
ఇది అలా కాదు.
సోడా, మజ్జిగ ఒకదాన్నొకటి ముట్టుకున్నాక
బుసబుసమనే ఆ కాసేపే దీని ఆయుష్షు.

ఓవెన్లో పెట్టిన పన్నెండో నిమిషానికి
కరెంటు పోయింది.
ఫ్రిజ్ ఒక్కసారి గుటక వేసి ఊరుకుంది.
చీకట్లో కిటికీ దగ్గరికొచ్చి చూస్తే
ఆ వరుసలో పొగ లేస్తున్నది
ఒక్క ఎల్డన్ ఇంటి పొగగొట్టంలోంచే.

నిలబడింది.
ఒకటి, రెండు, మూడు...
ఎంతసేపు లెక్కపెట్టిందో తెలీదు.
రబ్బరు బూట్లు తొడిగి
రొట్టె గిన్నెను తువ్వాల్లో చుట్టి
పసిబిడ్డలా కోటు కింద దాచి నడిచింది.
కంచెలో సందు ఎక్కడుందో
పాదాలకి ఇంకా గుర్తుంది.

"పన్నెండు నిమిషాలే కాలింది" అంది,
తలుపు తీసినవాడితో. పలకరింపు లేదు.
అతను గిన్నెను చూశాడు. బూట్లు చూశాడు.
"ఎంత వేడి కావాలి?"
"మూడువందల యాభై."
"నా పొయ్యికి అంకెల్లేవు."
ఇనప పొయ్యి అరలో అరచెయ్యి పెట్టి
గొణుగుతూ ఏడు దాకా లెక్కపెట్టి లాగేశాడు.
"సరిపోద్ది."

తర్వాత కూర్చున్నారు.
గాలి గురించి ఒక మాట.
పోయినేడు కూలిన స్తంభం గురించి ఒక మాట.
మధ్యలో లేచి అతను గిన్నెను అటుదిటు తిప్పాడు,
ఈ పొయ్యి ఎడమవైపే ఎక్కువ మండుతుందట.
దాల్చినచెక్క వాసన మేజా కిందికి, కోట్ల కొక్కేల దాకా పాకింది.
"ఆ కొమ్మవేనా?" అన్నాడు నిప్పులకేసి చూస్తూ.
"ఆ కొమ్మవే."
ఇంకో కట్టె లోపలికి తోశాడు.

చీపురు పుల్ల విరిచి గుచ్చి చూస్తే
పుల్లకేమీ అంటలేదు.
కానీ నడుమ కుంగిపోయింది,
దారిలో చలి తగిలి.
ఒక పక్క మాడింది కూడా.
"అది నాకు పెట్టు" అని మాడిన చివర తనే తీసుకుంది వెర్నా,
వేళ్ళు కాల్చుకుంటూ.
కుంగిన చోట ఆపిల్ ముక్కలన్నీ చేరి
జామ్‌లా అయ్యాయి.
అతను చెంచాతో అదే తిన్నాడు. బాగుందనలేదు.
చెంచా మాత్రం నాకాడు.

చెట్టు సంగతి ఎవరూ ఎత్తలేదు.

తొమ్మిదిన్నరకి కరెంటు వచ్చింది.
కంచె అవతల ఆమె వంటిల్లు వెలిగింది.
"పాత బొత్తాం ఓవెన్, ఆపకుండా వచ్చేశాను" అంది.
"ఖాళీగా వేడెక్కుతోందన్నమాట" అన్నాడతను,
వెన్న గిన్నె ఆమె వైపు జరుపుతూ.
"ఆపాలి" అంది.
ఇంకో ముక్క కోసింది.