మౌనానికి ఒక షిల్లింగు

ఎడిన్‌బరోలో మధ్యాహ్నం మూడింటికే దీపాలు వెలిగిస్తారు.
సముద్రం మీంచి వచ్చిన పొగమంచు
కౌగేట్ మెట్ల మీద తడిబట్టలా వేలాడుతోంది.
నేలమాళిగలో నా పని
పాత పెట్టెలు తెరవడం, దుమ్ము తుడవడం,
మెత్తటి పెన్సిల్‌తో మూలన ఒక అంకె వేయడం.

ఇవాళ్టి పెట్టె ఆచార్య ఆర్చిబాల్డ్ ట్రైల్ గారిది.
మానవ స్వభావం మీద మూడు సంపుటాలు,
దూడతోలు అట్ట, బంగారు అంచు.
వాటి అడుగున
ఎలక కొరికిన ఒక పద్దుల పుస్తకం.

ఆయనది వెలుగుల కాలం.
మనిషిని గడియారంలా విప్పి
బల్ల మీద పరచొచ్చని నమ్మిన కాలం.
మతం, ఊరు, అలవాటు, అమ్మ,
అరటిబోదె ఒలిచినట్టు
పట్ట మీద పట్ట తీసుకుంటూ పోతే
లోపల అసలు మనిషి
తెల్లటి దవ్వలా దొరుకుతాడని.

అందుకని క్యానన్‌గేట్‌లో రెండు గదులు.
చర్చి గుమ్మంలో దొరికిన బిడ్డ ఒకటి.
దాది, గ్రిజెల్ మక్వీ.
పాలివ్వొచ్చు, నీళ్ళు పోయొచ్చు, ఎత్తుకోవచ్చు.
మాట మాత్రం కూడదు.
ఎవరూ నేర్పని నోట మొదట ఏది పలుకుతుందో
అదే మనిషి సొంత మాట అని
మొదటి సంపుటం, నలభయ్యో పేజీ.

పద్దుల పుస్తకంలో ఇంకోలా ఉంది:
దాదికి వారానికి మూడు షిల్లింగులు.
మౌనానికి అదనంగా ఒకటి.

బొగ్గు. ఓట్ల పిండి. కొవ్వొత్తులు పన్నెండు.
వైద్యుడికి, నా ఎడమ చెవి కోసం, రెండు షిల్లింగులు.
డిసెంబరు: దాది కూనిరాగం తీసింది. కోత మూడు పెన్నీలు.
జనవరి: మళ్ళీ కూనిరాగం. ఆరు.
అదే నెల ఆఖర్న:
బిడ్డను పేరు పెట్టి పిలిచింది. పన్నెండు.

పన్నెండు పెన్నీలంటే ఒక షిల్లింగు.
ఆ వారం మౌనం ఖరీదు మొత్తం
ఒక్క పేరుకే అయిపోయింది.
ఏ పేరో మాత్రం రాయలేదాయన.

తర్వాత ఏడాదికి పైగా కోతలు లేవు.
దాది దారికొచ్చిందని ఆచార్యుడి సంతోషం.

ఇక రెండో సంపుటం, పెద్దక్షరాల్లో:
ఇరవై రెండో నెల. రాత్రి. తలుపు వెనక నిలబడి విన్నాను.
చీకట్లో బిడ్డ ఊఁ అన్నది.
కాసేపాగి మళ్ళీ ఊఁ.
చాలాసేపాగి, ఊఁ.
దాది నోరు మెదిపిన చప్పుడు లేదు.
కారణం కనబడదు, నేర్పినవారు లేరు.
ఇదే మానవజాతి తొలి ధ్వని.

నేను పెన్సిల్ కింద పెట్టేశాను.

అయ్యా ఆచార్యా,
ఏ బిడ్డా గోడకు ఊఁ కొట్టదు.
మా భాషలో దానికి ప్రత్యేకంగా ఒక మాటే ఉంది.
మా పెద్దక్క కథ చెబుతుంటే
నేను ఊఁ అనడం ఆపిన చోటే తనూ ఆపేసేది;
పులికి భయపడి చెట్టెక్కిన ఒక రాజు
నా నిద్ర వల్ల
ఇప్పటికీ ఆ కొమ్మ మీదే ఉన్నాడు.

మీ ఎడమ చెవి తలుపుకి ఆనించినట్టున్నారు.
ఆ పక్కన, బిడ్డ చెవిలో, ఊపిరి కన్నా సన్నగా
ఒక సముద్రం, ఒక సీలు చేప, ఒక జాలరి
రోజుకింత చొప్పున
రాత్రంతా నడుస్తూనే ఉన్నారు.
మీకు బదులు మాత్రమే వినబడింది.
దాన్ని ప్రకృతి అన్నారు.

పద్దుల్లో చివరి పేజీ.
గ్రిజెల్ మక్వీ పేరు మీద అడ్డగీత.
ఇవ్వాల్సింది నాలుగు షిల్లింగులు. తీసుకోలేదు.
ఆ వారం నుంచి బొగ్గుంది, కొవ్వొత్తులున్నాయి,
పాలు లేవు, ఓట్ల పిండి లేదు.
మూడో సంపుటం మొత్తం వెతికాను,
బిడ్డ ఊసే లేదు.

పైన ఎవరో తలుపులు మూస్తున్నారు.
పద్దుల పుస్తకం మూలన అంకె వేసి
దీపం ఆర్పాను.
చీకట్లో, ఎవరూ లేని ఆ గదిలో
ఊఁ, అన్నాను.