వేలు దూరే అంచు

మా లుగ్బారాలలో
పిల్ల పుట్టిన ఏడు ఇంటికేం జరిగితే అదే పేరు.
వానలు నిండుగా పడ్డ ఏడు నేను: ఆయికోరు, సంతోషం.
కొనేవాడు రాక పొగాకు గుడిసెలోనే బూజుపట్టిన ఏడు
తమ్ముడు: చాండియా, కష్టం.

కష్టానికి ఆరేళ్ళొచ్చాక
ఎడమ తొడలో చింతగింజంత గట్టి.
నొప్పి లేదన్నాడు.
నొప్పి లేనిదాన్ని మా ఇంట్లో ఎవరు పట్టించుకుంటారు?
కర్రపెండలం తవ్వాలి, బండ మీద ఆరబెట్టాలి,
మేకల్ని అదిలించాలి.
రెండు పంటలు తిరిగేసరికి నిక్కరు కుట్టు విడిపోయింది.

తట్టితే సొరబుర్ర చప్పుడు.
అంచు కింద వేలు దూర్చి
మూతలా కాస్త ఎత్తవచ్చు.
సోడామూత ఒకటిస్తే
బళ్ళో ఎవరినైనా ఎత్తనిచ్చేవాడు.
పద్నాలుగు మూతలు పోగేశాడు.

మేనత్త శాపమంది.
సైకిలు మీద మందులమ్మే ఆయన గడ్డని సూది పొడిచాడు,
చీము రాలేదు.
అరువా ఆసుపత్రిలో ఒకాయన
పుండురాచ కావచ్చన్నాడు, కాలు... అని ఆగాడు.
ఆయన ఆగిన చోటే అమ్మ నెల్లాళ్ళు కూర్చుంది.

ముక్క కోసి కంపాలా పంపారు.
తిరిగొచ్చిన పేరు
వాడి పేరుకన్నా, నా పేరుకన్నా, మా ఊరి పేరుకన్నా పొడుగు.
బూజేనమ్మా, అంది నర్సు ఎజారు.
కప్ప కడుపులో, బల్లి కడుపులో
దేనికీ హాని చెయ్యకుండా బతికేదట.
వాటి రెట్ట పడ్డ ఆకుతో తుడుచుకుంటే అంటుతుందేమో,
ఖాయంగా ఎవరికీ తెలియదు, అంది.

ఎవరికీ తెలియదు.
పొదల దారిలో ఆకులు తెంచిచ్చింది మాత్రం నేను.
వెడల్పాటివి, మెత్తటివి
ఏరి మరీ.

గోధుమరంగు సీసా. నీళ్ళలాంటి మందు.
పూటకి పది చుక్కలు, ఆపైన పన్నెండు, పదిహేను.
మామిడిరసంలో కలిపినా
తాళంచెవి నాకినట్టుందని ఉమ్మేవాడు.
ఉమ్మిన చుక్కలు లెక్కలోకొస్తాయా అని అడిగాను.
నవ్వలేదావిడ. మళ్ళీ పొయ్యమంది.
పూటకిన్ని, రోజుకి మూడు పూటలు, నెలకెన్ని?
నాకు గుణకారం వచ్చింది ఆ సీసాతోనే.

నాలుగో నెలలో
బెంచీ మీద ఒరగకుండా తిన్నగా కూర్చున్నాడు.
ఎవరూ చూడలేదు,
నా చోటు తగ్గిందని కొట్లాటకొచ్చిన పక్కపిల్లాడు తప్ప.

ఇప్పుడు మూతలిచ్చినవాళ్ళు ఇంకోసారి చూపించమంటారు.
చూడ్డానికేం లేదు.
రాత్రి వాడు నిద్రపోయాక
నేనే అంచు కోసం వెతుకుతాను.
దూరదామంటే వేలు జారిపోతుంది.
మెత్తగా ఉంది.
మెత్తటివాటి మీద నాకింకా నమ్మకం కుదరలేదు.
చక్కిలిగిలి, అని నిద్రలోనే
మోకాలు ముడుచుకుంటాడు.

బయట వాన వెలిసి కప్పలు.
అరవనీ. వాటికేం తెలుసు.

పొద్దున్నే పాత నోటుబుక్కులోంచి
ఒక కాగితం చింపి, నలిపి నలిపి,
వాడి జేబులో కుక్కుతాను.
ఇవాళ పన్నెండో ఎక్కం పోయింది.