అరవై తొమ్మిది

టంగుటూరు కంపెనీలో పొగాకు ఏరే చేతులు నావి.
పండాకు, పచ్చాకు, మచ్చ పడ్డ ఆకు,
కళ్లు మూసుకున్నా వేళ్లే చెబుతాయి
ఏది ఏ కట్టలోకో.
ఈ రెండు పుస్తకాలనే
ఎటు వెయ్యాలో ఏడాదిగా తేలటం లేదు.

ఒకటి పోస్టాఫీసుది. నెలకు నూరు, ఐదేళ్లు.
గుమాస్తా ఏసుదాసు మొదటిరోజే
చివరి పేజీలో పెన్సిల్‌తో రాసిచ్చాడు, 7137.
"రూపాయి పెరగదు, రూపాయి తరగదు ఎలీశమ్మా."
కథ మొదలెట్టకముందే ముగింపు చెప్పేసినట్టు.
ఠప్పున ముద్ర కొడతాడు.
నా వేళ్ల జిగురంటి
ఆ అట్ట కూడా ఆకు రంగుకొచ్చింది.

రెండోది మాలకొండయ్య కొట్టుది, లక్కీ స్కీము.
నెలకు మూడొందలు, ఇరవై నెలలు, నూరుమంది.
నెలకొకరికి ఫ్రిజ్జు. తగిలినోళ్లు ఇంక కట్టే పన్లేదు.
తగలనోళ్లకి కడాన ఒంటి తలుపు బీరువా.
"అసలు యాడికీ పోదమ్మా" అంటాడు.
అదే బీరువా ఒంగోల్లో మూడున్నర వేలని
మస్తానమ్మ కనుక్కొచ్చింది.
మిగతా రెండున్నర వేలూ
ఇరవైసార్లు గుండె దడదడలాడినందుకు కూలి.
మనకు మనమే ఎదురిచ్చుకునే కూలి.

లెక్క రాక కాదు.
వేలం కాడ తేమ పేరు చెప్పి
తూకంలో ఎంత కోస్తారో నాకు తెలవదా?

కానీ ఐదో తారీకు సాయంత్రం
పని దిగి, చేతులు బూడిదతో తోముకుని
కొట్టు ముందు నిలబడతాం.
మాలకొండయ్య మనవరాలు, ముందు పళ్లూడిన పిల్ల,
డాల్డా డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కలుపుతుంది.
అంతమందిలో ఒక్క దగ్గు వినపడదు.
అంత నిశ్శబ్దం
మా చర్చిలో కూడా ఉండదు.

నిన్న ఆ పిల్ల చదివింది:
"అరవై తొమ్మిది."

నాది.

ఫ్రిజ్జు మా రేకులింట్లోకి వచ్చింది.
మంచం పక్కకు జరిగింది.
ప్లగ్గు లేదని గుర్తొచ్చింది, పెట్టించాను.
పక్కింటోళ్ల పాలగిన్నెకి చోటిచ్చాను.
ఆడబిడ్డ మాంసం తెచ్చి పెట్టమంటే కాదన్నాను,
రెండోసారి అడిగితే సరేనన్నాను.
రోళ్లు పగిలే ఎండలో చల్లటి నీళ్లు తాగాను,
నాలికమీది పొగాకు చేదు
మొదటిసారి గొంతు దిగింది.

మాలకొండయ్య కళ్లజోడు సర్దుకుని
చీటీ అందుకుని, తిప్పాడు.
"తొంభై ఆరు. గీత కింద ఉండాలమ్మా, కింద."

తొంభై ఆరు ఎవరో ఆలకూరపాడాయన.
డ్రాకి రానే లేదు.
ఆ రాత్రి అన్నం తిని మామూలుగా పడుకునుంటాడు.
ఆ ఫ్రిజ్జులో నీళ్లు తాగింది
నేనొక్కదాన్నే.

"నూట పాతిక దండగ" అంది మస్తానమ్మ.
తను కట్టడం మాత్రం మానలేదు, అడగలేదు నేను.

పొద్దున్నే పోస్టాఫీసుకి పోయి నూరూ ఇచ్చాను.
"ఈ లెక్క ఎప్పుడన్నా తిరగబడిద్దా, ఏసుదాసయ్యా?"
"గవర్నమెంటుదమ్మా" అన్నాడు తలెత్తకుండా.
ముద్ర పడింది.

మెట్ల మీద కూర్చుని
చివరి పేజీ తీశాను.
పుస్తకాన్ని తలకిందులు చేసి చూశాను,
ఇటు నుంచి, అటు నుంచి.
7137
ఏ అంకే కాలేదు.

నవ్వొచ్చింది. నెమ్మదీ కలిగింది,
దాని పక్కనే ఏదో వెలితి.

ఐదో తారీకుకి ఇంకా ఇరవై తొమ్మిది రోజులు.