ఐదో గీత

రాత్రి ఎనిమిదింటికి కోడలి లాప్‌టాప్ ఖాళీ అవుతుంది.
జ్ఞానాపురంలో ఆ వేళకి
కిటికీ గట్టు మీద బొగ్గుపొడి తుడిచి
చెవుల్లో వైర్లు పెట్టుకుని కూర్చుంటాను,
యూనివర్సిటీ వాళ్ళ జపనీస్ మొదటి మెట్టు క్లాసుకి.
ఇరవై ఆరు గళ్ళలో
బట్టతల నాదొక్కటే.

"గొర్లె పైడిరాజు" అంటే
ఓకుబో మేడమ్ నోట్లో "గోరురే" అవుతుంది.
పోర్టులో ముప్పై నాలుగేళ్ళు
"ఏయ్ టాలీ!" అని పిలిపించుకున్నవాణ్ణి,
ఏ పేరైనా నాకు ఎక్కువే.

ఈ భాష నన్ను అనుకున్నంత ఏడిపించలేదు.
నేను నీళ్ళు తాగుతాను అనే వరసలోనే
వాళ్ళూ తాగుతారు,
క్రియ చివర్న, లంగరు దించినట్టు.
చిక్కల్లా దూరాల దగ్గరే.
మనకి ఇది, అది, అంతే.
వాళ్ళకి నా దగ్గరున్నది కోరె,
నీ దగ్గరున్నది సోరె,
ఇద్దరికీ అందకుండా ఉన్నది అరె.
"అరె!" అన్నాను పైకే.
మైకు ఆపడం మర్చిపోయాను. పిల్లలంతా నవ్వారు.

నిన్న పరీక్ష శనివారమా ఆదివారమా అని ఓట్లు పెట్టింది మేడమ్.
చెయ్యెత్తినవాళ్ళని తెల్లబోర్డు మీద గీసుకుంటూ పోయింది:
పైనొక అడ్డగీత,
నడుమ నిలువు,
కుడికి చిన్న మెట్టు,
ఎడమకి పొట్టి గోడ,
అయిదోవాడికి కింద నేల.

ఆ ఇల్లు నాకు తెలుసు.

ఎనభై ఏడో, ఎనభై ఎనిమిదో.
ఉక్కు ఫ్యాక్టరీకి పెట్టెలు దించుతున్న ఓడ,
పేరు చివర మారు.
ఇటు నేను, నాలుగు పుల్లలు నిలబెట్టి
అయిదోదాన్ని అడ్డంగా పడుకోబెట్టేవాణ్ణి.
అటు ఓడ తాలూకు రెండో మేటు
అరిగిపోయిన పెన్సిలుతో
పుస్తకం నిండా ఇళ్ళు కడుతున్నాడు.
లెక్కెట్టకుండా బొమ్మలేస్తన్నాడేటి ఈడు, అనుకున్నాను.

పొద్దుగూకేసరికి నాకు రెండొందల పదకొండు,
అతనికి రెండొందల పన్నెండు.
అతను తన పుస్తకాన్ని వేలితో పొడిచాడు,
నేను నాదాన్ని పొడిచాను.
మధ్యలో భాష లేదు, వించీల రొద ఉంది.
రేవు మాది గనక నా కాగితమే నెగ్గింది.
ఒక పెట్టె తక్కువని అతను సంతకం పెట్టి,
టోపీ తీసి, నడుం దాకా వంగాడు.
నేను బిగుసుకుని నిలబడ్డాను.

బీడీకని ఒక్క స్లింగు దిగే సేపు
గోడౌను నీడలోకి వెళ్ళిన మాట
ఎవరూ నన్ను అడగలేదు.
నేనూ చెప్పలేదు.

ఆ ఇల్లు ఒక అక్షరమట. అర్థం, సరి.
గీతలు ఐదు, బేసి.
పేరు మాత్రం సరి!

అతనికి ఇప్పుడు ఎన్నేళ్ళో, ఏ ఊళ్ళో.
చెప్పాలంటే నాకు భూతకాలం కావాలి,
అది ఆరో పాఠంలో గానీ రాదట.
అందాకా ఉన్నదాంతో హోంవర్కు రాశాను:
అరె వా హాకో దెసు.
అదిగో, ఆ దూరంగా ఉన్నది, పెట్టె.
మేడమ్ పక్కన ఎర్రగా సున్నా చుట్టి పంపింది.
గుండె జారింది.
వాళ్ళకి సున్నా అంటే ఒప్పేనట.

పొద్దున్న కోడలు పాల క్యాలెండర్ చూసి
"ఈ గోడలేటి మావయ్యా?" అంది.
నాలుగు పాకెట్లమ్మా.
నేల ఇంకా పడలేదు.