మూర

వన్నారపేటలో రైలు గేటు దాటాక
ఎడమచేతి వైపు మూడో గోడౌను మాది.
మాది అంటే సేటుది.
నేను అందులో ఇరవై రెండేళ్ళుగా
గుడ్డ మడతపెట్టే మనిషిని.

చీరాల నుంచి లారీలో మూటలొస్తాయి.
ఎర్ర గళ్ళు, నీలి గళ్ళు, పసుపు గళ్ళు.
విప్పుతాను, ట్యూబులైటు కింద పట్టి చూస్తాను,
తెగిన పోగుంటే సుద్దతో గుర్తు పెడతాను.
ఎనిమిది గజాలకొక మడత.
మడతకి రూపాయి పావలా.
తరవాత ఓడెక్కి ఎక్కడికో పోతాయి.
ఎక్కడికని అడగడానికి
ఇరవై రెండేళ్ళలో తీరిక దొరకలేదు.

మొన్న ఆవిడ వచ్చింది.
టోన్యే అట పేరు.
లాగోసుకి అవతల, నది సముద్రంలో కలిసేచోట ఊరట.
నాకంటే పొడుగు, నాకంటే నలుపు,
నాకంటే బాగా గుడ్డ తెలిసిన మనిషి.
మడత విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంది.
అంచు నాలిక్కి తగిలించి కళ్ళు మూసుకుంది.
గంజి చాల్లేదంది.
నిజమే, ఆ మూటలో గంజి పలచనే.
సేటు నావైపు చూశాడు,
నేను పైన రేకుల వైపు.

బిడ్డ పుడితే ఇందులోనే చుడతారట.
ముసలాళ్ళు పోతే మంచానికి ఇదే కడతారట.
సేటు కొడుకు అరవంలో చెబుతుంటే విన్నాను.
ఎన్నాళ్ళనుంచి కొంటున్నారని అడిగించాను.
ఆవిడ వేళ్ళు మడుస్తూ పోయింది:
అమ్మ, అమ్మమ్మ, ఆమె అమ్మ, ఆమె అమ్మ…
వేళ్ళయిపోయాక అంది,
"అప్పుడు డబ్బు పెట్టి కొనలేదు."

ఫ్యాను తిరుగుతూనే ఉంది.

ఇన్ని మడతలకి ఒక మగాడు.
ఇంకాస్త తక్కువకి ఆడమనిషి.
పసివాళ్ళని కొసరు వేసేవారట.
"అమ్మింది మా పెద్దలే.
అమ్ముడుపోయినవాళ్ళ మాట మాదాకా రాలేదు.
ఓడలో ఎందరు బతికి…"
సేటు కొడుకు మాట కోసం వెతుక్కుంటున్నాడు.
బతికి బట్టకట్టారో, అని
నా తెలుగు లోపల్లోపలే అందించేసింది.
అందించాక
నోరంతా చేదు.

బట్టకి అమ్ముడుపోయి, బట్టకట్టి,
అవతలి ఒడ్డున మళ్ళీ దూదే ఏరారట వాళ్ళు.
వీపు మీద సంచి, సంచికో తూకం,
తూకం తగ్గితే అదే వీపు మీద కొరడా.
ఆ దూది ఇంకో సీమలో మిల్లెక్కి
గుడ్డై, చవకై, ఈ రేవులోనే దిగి
మా వైపు మగ్గాల గుంటల్లో కోళ్ళు గుడ్లు పెట్టేట్టు చేసింది.
ఏకై వచ్చి మేకై కూచోడమంటే ఇదే కాబోలు.

మావాళ్ళదీ ఈ పేటే.
కుంపిణీ రోజుల్లో తెచ్చి ఇక్కడ కూచోబెట్టారని
నాయనమ్మ చెప్పేది.
మగ్గం దిగిన గుడ్డని చవుడేసి ఉడకబెట్టి
బండమీద బాది, గడ్డిమీద ఎండేసి,
కొంగ రెక్కంత తెల్లగా చేసి ఓడకిచ్చేవాళ్ళట.
"మన చేతుల్లో పడితే
ఏ మరకైనా పోవాల్సిందేనే" అనేది,
ముక్కుపుడక మెరిసేలా.

నాయనమ్మా,

ఎక్కడ ఆగాను?
ఆ, బేరం కుదిరింది.
ఆరువందల మడతలు. నలభై వాపసు.
గంజి చూడలేదని నాకు రెండు రోజుల కూలి కోత.
ఆవిడ పోతూ పోతూ నా చెయ్యి పట్టుకుంది,
గుడ్డని పట్టుకున్నట్టే, బొటనవేలితో నిమిరి.
ఏం తెలిసిందో అడగలేదు.

మూర అంటే
మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా.
మనిషి చేతితో గుడ్డని కొలవడం ఎరుగుదుం.
గుడ్డతో మనిషిని కొలిచారని
ఇంత వయసొచ్చాక, అదీ పనివేళలో, తెలిసింది.

సాయంత్రం కొరుక్కుపేట టైలరు దగ్గర
మా ఇందుమతికి బడి చొక్కా.
"చెయ్యి చాపు తల్లీ" అన్నాడు కాదర్ భాయ్.
చాపింది.
మెడలోంచి టేపు తీసేలోపే
మూరకి రెండు వేళ్ళు తక్కువ.
నేను కొలవలేదు.
కళ్ళే కొలిచేశాయి.