నాలుగో సిలిండరు కాడ

చండూరు బస్టాండు ఎనక నా షెడ్డు.
గ్రేసమ్మ సిస్టరు ఫియట్ తెచ్చి ఆపింది.
పిల్లి కండ్ల రంగు, అరవై ఏడు మోడలు.
మిషను దవాఖాన దొరసాని పోతపోత
ఆమె చేతుల పెట్టిపోయిన తాళంచెవి.

"పొద్దుగాల ఏమనదు సైదులూ.
మర్రిగూడ తొవ్వల గడ్డ ఎక్కినంక మొదలైతది.
ఎవరో లోపల్నుంచి తలుపు కొట్టినట్టు."

"తలుపైతే తీద్దాం తియ్యమ్మా" అన్న.
నవ్వలే.

చప్పుడు పట్టుడంటే దొంగను పట్టుడు గాదు.
చంటిపిల్ల ఏడుపును పట్టుడు.
ఆకలో, చెవిపోటో, చీమ కుట్టిందో,
అన్నిటికీ ఒక్కటే గొంతు.

నా ఎడమ చెవును లారీలకిచ్చేసిన.
కుడి చెవు సగం మిగిలింది.
అందుకే పొడుగు స్క్రూడ్రైవరు పిడిని పండ్లతోని కరిచి
కొసను ఇంజను మీద ఆనిస్త.
ఇనుము మాట్లాడితే నా దవుడ ఇంటది.

ట్యాపెట్లు చూసిన, సందుల రేకు సాఫీగ జారింది.
ఫ్యాను బెల్టు ఊడదీసిన, చప్పుడు ఊడలే.
ప్లగ్గు వైర్లు ఒక్కోటి గుంజిన.
బేరింగే పోతే ఆ సిలిండరు కాడ గొంతు మారాలె.
ఇంజను కుంటింది గని
చప్పుడు కుంటలే.

మూడు దినాలు.
మా సడ్డకుడు నాంపల్లి నుంచి ఫోన్లనే చెప్పిండు, పిస్టనని.
ఫోన్ల చెవు పెట్టి చెప్పేటోళ్లకు
ఏదైనా పిస్టనే.

నాలుగోనాడు సిస్టరు సంచిలకెల్లి
అల్యూమినియం గొట్టం తీసింది.
నిండు చూలాలి పొట్ట మీద ఆనించి
బిడ్డ గుండెను ఇనే గొట్టం, ఒక దిక్కు గరాటు.
సొట్టలు పడ్డది. ముప్పై రెండేండ్ల కొలువు దానిది.

కొంగు నడుముకు చెక్కి బానెట్టు కిందికి వంగింది.
"బండి ఆపకు. నువ్వు మాట్లాడకు."
పక్కన హోటల్ల పోరడు
గిలాసలు కడుగుడు బందువెట్టిండు.
గొట్టం మెల్లగ జరిగింది,
రేడియేటరు దిక్కు నుంచి లోపలి దిక్కుకు.
నాలుగో సిలిండరు ఎనక ఆగింది.
కండ్లు మూసుకున్నది.

"ఇది ఇనుము గాదు."
"మరేంది?"
"నీళ్లు. కాగు అడుగున సున్నం కట్టితే
పొయ్యి మీద నీళ్లు ఇట్లనే దుముకుతయి.
కాన్పుకు పోయిన ప్రతి ఇంట్ల ఇన్న."

సల్లారినంక బ్లాకు కింది బిరడ ఇప్పిన.
చుక్క రాలే.
తీగ పెట్టి పొడిసిన.
ముందుగాల కాఫీ రంగు రసం,
అటెనుక తెల్లటి పెచ్చులు,
ఎవరో లోపల గోడ కట్టుకుంట కూసున్నట్టు.

యాభై ఏండ్ల నుంచి తాగింది మా బోరు నీళ్లు.
దవాఖాన పంపు, బడికాడి బోరింగు,
నడిజాము దాటినంక బిడ్డ ఏడ్చిన ఇంట్ల
సంతోషంతోని ఎవరో తెచ్చి పోసిన బిందె.

సిస్టరు ఒక పెచ్చును గోటితోని గీకి చూసింది.
"మీ నాయిన మోకాళ్లెట్లున్నయి?"
"అట్లనే."
ఆయన మంచం దిగితే
మంచం కిర్రుమన్నదో, ఆయనే అన్నడో
మా ఇంట్ల ఎవరం చెప్పలేం.
ఆ చప్పుడుకు నా దగ్గర ఏ పానా లేదు.

నిమ్మ ఉప్పు కలిపి రెండు నాళ్లు నానవెట్టిన.
తెల్లనిది పోయి పోయి, నీళ్లు నీళ్ల రంగుకొచ్చినయి.
ఇప్పుడొస్తున్న కృష్ణ నల్లా నీళ్లు పట్టి నింపిన.
ఇద్దరం గడ్డ ఎక్కించి దించినం.
తలుపు కొట్టెటోడు లేడు.

మూడో గేరుల మాత్రం
డ్యాష్‌బోర్డు ఎనక యాడనో చిన్న కిచకిచ.
చెయ్యి పెట్టబోయిన.
"అది దొరసాని ఉన్నప్పటిది, ఉండనియ్" అన్నది.

పైసలు ఒద్దన్న.
గొట్టం అడిగిన.
పైసలిచ్చి పోయింది.