ఇంకా వెనక్కి

బోర్లా పడుకుని ఫొటో తీస్తాడు ఇలారియో.
ఉయునీ ఉప్పు మైదానం మీద, ఎముకలు కొరికే ఎండలో.
చొక్కా ముందువైపంతా తెల్లగా అట్టకట్టింది,
ఇత్తడి బొత్తాలు చిలుము పట్టాయి.
ప్లాస్టిక్ రాక్షసబల్లిని కెమెరాకి జానెడు దూరంలో నిలబెట్టి
మమ్మల్నేమో తరుముతాడు:
వెనక్కి. ఇంకా వెనక్కి. ఇంకో పాతికడుగులు.

ఇక్కడ చెట్టు లేదు, గోడ లేదు, కాకి లేదు.
ఇది దగ్గర, అది దూరం అని
సాక్ష్యం చెప్పే నాథుడు లేడు.
కొరియా కొత్త జంట చిప్స్ డబ్బాలోంచి
ఒకరి వెనక ఒకరు దూకుతున్నారు.
పోలండ్ పళ్ళ డాక్టరు బోగ్నా అరచేతిలో
ఆరడుగుల మొగుడు ముద్దులు విసురుతున్నాడు.
నేను మూకుడులో వేగుతున్నాను.

అరచేతిలో వైకుంఠం అంటే మా భాషలో మోసమని
ఈయనకి ఎలా చెప్పను?
నిజంగానే చూపిస్తున్నాడు,
బండికి ఆరుగురి చొప్పున.

జీపు వెనక గోనెసంచిలో అతని సరంజామా:
రెండు బల్లులు, బీరు సీసా, మూకుడు, ఎవరో వదిలేసిన ఎడమకాలి బూటు.

పొద్దున కొల్చానీలో వాళ్ళావిడ నెమేసియాని చూశాం.
ఉప్పు పొట్లాలు కడుతోంది,
గ్యాసు మంటకి సంచి మూతి చూపించి అతికిస్తోంది.
ఫొటోకి ఎంత తీసుకుంటాడని అడిగితే
ఫొటోకి డబ్బులేంటి, బండికే, అంది
పొట్లం మీంచి కళ్ళెత్తకుండా.

మధ్యాహ్నం ఉప్పు బల్ల చుట్టూ ఉప్పు దిమ్మెల మీద కూర్చుని
కీన్వా అన్నం, లామా మాంసం తింటున్నాం.
ఈ కిటుకు ఎవరు నేర్పారని
నా అరకొర స్పానిష్‌లో అడిగాను.
ఫోన్లో చూసి నేర్చుకున్నానంటాడనుకున్నా.
మా నాన్న, అన్నాడు.

నాన్నకి కెమెరా లేదు.
ఇరవై లామాల మీద ఉప్పు దిమ్మెలెక్కించుకుని
మొక్కజొన్న మారకానికి లోయల్లోకి వెళ్ళేవాడు,
వెళితే రెండు నెలలు.
ఏడేళ్ళ ఇలారియో మైదానం అంచున నిలబడి
ఒక కన్ను మూసి
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నాన్నని పట్టుకునేవాడు.
ముందు జానెడు. తర్వాత బెత్తెడు. వేలెడు. గోరంత.
చీమ. చీమ తల.
వేళ్ళు దగ్గరికి తేవాలి, తాకించకూడదు,
తాకితే నలిగిపోతాడని భయం.
ఆఖరికి వెంట్రుకవాసి ఖాళీ మిగిలేదట.
ఆ ఖాళీని అలాగే పట్టుకుని ఇంటికెళ్ళి
ఎడమచేత్తో సూప్ తాగేవాడట.

తిరిగొచ్చే రోజున అంతా తలకిందులు,
గోరంత నాన్న కొండంతయ్యేవాడు.
ఒక ఏడు మాత్రం లామాలే పెద్దవవుతూ వచ్చాయి.

ఆ ఉప్పు ఇలా అందుకో, అన్నాడు.
అందుకున్నాను.

ఇప్పుడు నీది తీస్తాం రా అని
బోగ్నా తనే బోర్లా పడుకుంది, మొగుడు అరచెయ్యి చాపాడు.
వెనక్కి, అంది. ఇంకా వెనక్కి.
ఇలారియో వెనక్కి తిరక్కుండానే నడిచాడు.
చాలు, అంది.
గాలి ఎటు వీస్తోందో మరి, వినపడలేదు.
చాలు, చాలు, అని అందరం అరిచాం.
నా కుడిచేతి వేళ్ళు రెండూ ఎప్పుడు పైకి లేచాయో
నాకు తెలీదు.

ఫొటోలో అరచేతి గీతలు స్పష్టంగా పడ్డాయి, మనిషి మసక.
చాలాసేపు చూసి
పర్లేదు, వచ్చింది, అన్నాడు.

సామాను సర్దుతుంటే ఒక బల్లి తగ్గింది.
మూడు దేశాల వాళ్ళం నడుములు వంచి
తెల్లటి ఆ నేలంతా వెతుకుతున్నాం.
అదిగో, అంటుంది కొరియా అమ్మాయి.
అది బల్లేనో, దూరంగా వెళ్తున్న జీపో,
ఎవరం చెప్పలేకపోతున్నాం.